పాత పాలన గుర్తులు

పాలనలు మారును, పాలకులు పోవుదురు. కాని వారు కట్టిన కట్టడములు అంత త్వరగా పోవు. ఖజానా గది, చెరసాల, కచేరి, కాలువ, వంతెన - ఇవన్నియు యజమాని వెడలిపోయిన యింటివలె నిలిచియుండును. అట్టివానిని చూచి కొందరు “పడగొట్టవలె” నందురు. మరికొందరు “ఎంత గట్టిగా కట్టిరి!” అని మెచ్చుకొని తమ దారిని పోవుదురు. ఈ రెండును సులభమైన మార్గములే. మూడవ మార్గ మొకటి కలదు. తెలిసిన వారిని వెంటబెట్టుకొని ఆ స్థలమునకు బోయి, అక్కడ ఏమి జరిగినదో, ఎవరికి జరిగినదో, ఎందుకు జరిగినదో విని తెలిసికొనుట ఆ మార్గము. అది కొంచెము కష్టమైనది. కాని జాతికి మేలు చేయునది అదియే.

ఐరోపా ఖండమున, బాల్టిక్ సముద్రతీరమున ఎస్టోనియా, లాట్వియా, లిథువేనియా అను మూడు చిన్న దేశములు కలవు. 1940వ సంవత్సరమున సోవియట్ యూనియన్ వానిని తనలో కలుపుకొనెను. మరుసటి యేట జర్మను సేనలు వచ్చి ఆక్రమించెను. ఆ యుద్ధము ముగియు నాటికి సోవియట్ పాలన తిరిగి నెలకొనెను. 1991లో ఆ మూడు దేశములును మరల స్వతంత్రములయ్యెను. అర్ధశతాబ్దము సాగిన ఆ పాలన తన గుర్తులను అన్ని నగరములయందును విడిచిపోయెను.

లాట్వియా రాజధానియైన రీగాలో స్వాతంత్ర్య వీధి అను పేరుగల రాజవీధి యున్నది. సోవియట్ పాలనలో దానికి లెనిన్ వీధి యని పేరు. ఆ వీధి మూలనున్న ఒక పెద్ద మేడను ప్రజలు “మూలయిల్లు” అని పిలుతురు. సోవియట్ రహస్య పోలీసు శాఖయైన కె.జి.బి. అందు కొలువుదీరి యుండెను. 2014లో దానిని ప్రజలు చూచుటకు తెరచిరి. మార్గదర్శి ముందు నడచుచు చీకటి గదులను, ఇరుకైన నడవలను చూపి, అందు బంధింపబడిన వారి కథలను చెప్పును.

ఎస్టోనియా రాజధానియైన టాలిన్‌లో విరు అను హోటలున్నది. విదేశీ యాత్రికుల కొరకు దానిని 1972లో తెరచిరి. దాని లిఫ్టులో 22 అంతస్తులకే మీటలుండెను. ఆ పైన 23వ అంతస్తున కె.జి.బి.వారి రేడియో గది యుండెను. ఆ గది తలుపుపై “ఇక్కడ ఏమియు లేదు” అని వ్రాసియుండెను. ఆ గది నేడు ఒక చిన్న ప్రదర్శనశాల. “ఏమియు లేదు” అన్న చోటనే అంతయు ఉండెనని యాత్రికులు నవ్వుకొందురు. నవ్విన పిమ్మట ఆలోచింతురు.

లిథువేనియా రాజధానియైన విల్నియస్‌లో కె.జి.బి. భవనము 1992లో ప్రదర్శనశాలగా మారెను. చంపబడిన వారి పేర్లను ఆ భవనపు వెలుపలి రాళ్లపై చెక్కిరి. కాని అదే భవనమును జర్మను ఆక్రమణ కాలమున నాజీల రహస్య పోలీసులును వాడిరి. ఆ కాలమున ఆ దేశమందలి యూదులు వేలకొలది వధింపబడిరి. ఆ సంగతిని ప్రదర్శనశాల చెప్పవలసినంతగా చెప్పుటలేదని విమర్శ వచ్చెను. 2011లో ఆ విషయమునకు ఒక గదిని కేటాయించిరి. దీనినిబట్టి ఒక నీతి తెలియుచున్నది. గుర్తును నిలుపుట మాత్రమే చాలదు. దానిని గూర్చి చెప్పువాడు తనకు నచ్చిన సగమును చెప్పి, నచ్చని సగమును దాచరాదు.

ఒకే గుర్తు ఇద్దరికి రెండు విధములుగా తోచుటయు కలదు. టాలిన్ నగరమధ్యమున ఒక సోవియట్ సైనికుని కంచువిగ్రహ ముండెను. నాజీలతో పోరాడి మడిసిన తమ తండ్రులకు అది స్మారకమని రష్యను భాష మాటలాడు పౌరులు తలచిరి. తమ స్వాతంత్ర్యమును హరించిన వారి గుర్తు అది యని ఎస్టోనియనులు తలచిరి. 2007లో ఆ విగ్రహమును సైనికుల శ్మశానవాటికకు తరలించినపుడు నగరమున అల్లరులు చెలరేగెను. విగ్రహము మాటలాడదు. దాని తరఫున మాటలాడు మనుష్యులలో నిజాయితీ, ఓర్పు ఉండినగాని శాంతి కలుగదు.

ఇట్టి గుర్తులకై సముద్రములు దాటనక్కరలేదు. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములందే అవి కలవు. ఈ సీమను ఏలిపోయిన పరపాలన ఆంగ్లేయులది. 1800లో నిజాము నవాబు ఈ దేశభాగమును ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసెను. అందుచేతనే దీనికి దత్తమండలమని పేరు వచ్చెను. తామస్ మన్రో ఇచట మొదటి ప్రధాన కలెక్టరు. అప్పటికి ఈ సీమలో ఎనుబదిమంది వరకు పాలెగాండ్రుండిరి. మన్రో వారి కోటలను, సేనలను లేకుండ జేసి, కొందరికి నెలసరి భత్యము లేర్పరచెను. కత్తి పట్టిన వారి వారసులు కచేరి గుమాస్తా ఎదుట చేయి చాపవలసిన వారైరి.

నేడు కోయిలకుంట్ల నంద్యాల జిల్లాలోనిది. కాని 1858 వరకు అది కడప జిల్లాలో నుండెను. కంపెనీవారి ఖజానా, తహశీలుదారు కచేరి అక్కడ నుండెను. దానికి సమీపమున నున్న ఉయ్యాలవాడ పాలెగాని వంశమున నరసింహారెడ్డి పుట్టెను. అతని మాతామహుడు నొస్సం పాలెగాడైన జయరామిరెడ్డి. జయరామిరెడ్డి పుత్రసంతతి లేక గతింపగా కంపెనీవారు ఆ భత్యమును నిలిపివేసిరి. తండ్రి వంశమునుండి నరసింహారెడ్డికి వచ్చు భాగము నెలకు పదునొకండు రూపాయల చిల్లర మాత్రమే. ఆ పైకము కొరకు పంపిన మనిషిని తహశీలుదారు అవమానించెనని ప్రజలు నేటికిని చెప్పుకొందురు.

ఒక్కని భత్యము కొరకు వేలమంది కదలరు. గ్రామములను కాచు కట్టుబడులకు పూర్వమునుండి ఇనాము భూములుండెడివి. ఆ భూములను కంపెనీ ప్రభుత్వము తిరిగి లాగుకొనసాగెను. తాత దున్నిన చేను మనుమనికి దక్కదని తెలిసిన కట్టుబడులు నరసింహారెడ్డి పక్షము చేరిరి. 1846 జూలై 10వ తేదీన వారు కోయిలకుంట్ల ఖజానాపై బడిరి. పిదప గిద్దలూరి కడ కంపెనీ సేనలతో తలపడి నల్లమల అడవులలోనికి పోయిరి. ప్రభుత్వము నరసింహారెడ్డి తలకు వెల గట్టెను; అతని కుటుంబమును కడపలో నిర్బంధించెను. తుదకు అక్టోబరు 6వ తేదీ రాత్రి పేరుసోమల సమీపమునందలి కొండకడ అతడు పట్టుబడెను.

విచారణ జరిగెను. నూటపండ్రెండుగురికి శిక్షలు పడెను. 1847 ఫిబ్రవరి 22వ తేదీన కడప కలెక్టరు కాక్రేన్ సమక్షమున, జనులందరు చూచుచుండగా, కోయిలకుంట్లలో నరసింహారెడ్డిని ఉరితీసిరి. పగ అంతటితో చల్లారలేదు. అతని శిరస్సును కోటకు వ్రేలాడగట్టిరి. 1877 వరకు, అనగా ముప్పది సంవత్సరములు, అది అక్కడనే యుండెను.

ముప్పది సంవత్సరములన నెంత కాలము! నాడు తల్లిచంకనెక్కి దానిని చూచిన శిశువు, పెరిగి పెద్దదై, తన బిడ్డను చంకనెత్తుకొని అదే దారిని సంతకు నడచియుండును. బిడ్డ “అది ఏమి?” అని అడిగియుండును. తల్లి ఏదో యొక సమాధానము చెప్పియుండును. కంపెనీవారు ఆ శిరస్సును భయమునకు గుర్తుగా కట్టిరి. కాని దానిని గూర్చి చెప్పువారు తల్లులు, తాతలు, పాటకులు. అందుచేత అది భయమునకు గాక పౌరుషమునకు గుర్తయ్యెను. నరసింహారెడ్డిని గూర్చిన పాటలు ఈ సీమలో నేటికిని వినబడుచున్నవి. 2021లో ఓర్వకల్లులోని కర్నూలు విమానాశ్రయమునకు అతని పేరు పెట్టిరి.

ఇచటికి వచ్చు వారికి మార్గము చూపువాడు రెండు సాక్ష్యములను వినిపింపవలెను. ఒకటి కంపెనీ అధికారులు వ్రాసిన లేఖలు. అందు నరసింహారెడ్డి తిరుగుబాటుదారుడు. రెండవది ప్రజల పాట. అందు అతడు వీరుడు. లేఖలలో తేదీలు సరిగా నుండును, కాని బాధితుని గుండె వినబడదు. పాటలో గుండె వినబడును, కాని తేదీలు, లెక్కలు తారుమారగును. రెండింటిని ప్రక్కప్రక్కన నుంచినపుడే చరిత్ర తెలియును. మరియొక మాటను దాచరాదు. ఖజానాను కాచినవారు, కచేరిలో వ్రాత వ్రాసినవారు దొరలు కారు. ఈ దేశపు బిడ్డలే. జీతమునకు కుదిరి కావలి నిలిచిన పేదవాని యింటను ఆ దినమున భయమే యుండెను. వీరుని గొప్పతనమును చెప్పుటకు ఆ యింటిని మరువనక్కరలేదు.

కోయిలకుంట్లనుండి ఆళ్లగడ్డకు పోవు మార్గమున ఉయ్యాలవాడ యున్నది. ఆ గ్రామముననే మరియొక మహనీయు డుండెను. ఆయన బుడ్డా వెంగళరెడ్డి. 1866లో కరవు వచ్చినపుడు ఆయన తన ధాన్యపు పాతరలను తెరపించి, ఆకలితో వచ్చిన వేలమందికి అన్నము పెట్టించెను. ఆ దాతృత్వమును విని విక్టోరియా రాణి ప్రభుత్వము ఆయనకు బంగారు పతకము నిచ్చెను. అప్పటికి కంపెనీ పాలన పోయి రాణి పాలన వచ్చియుండెను. కాని కోయిలకుంట్ల కోటపై నరసింహారెడ్డి శిరస్సు ఇంకను వ్రేలాడుచునే యుండెను. ఒకే గ్రామము, ఒకనికి ఉరి, మరియొకనికి పతకము. ఒకనిని పొగడి మరియొకనిని తెగడుట తగదు. ఒకడు అన్యాయమునకు ఎదురు నిలిచెను. ఒకడు ఆకలికి అడ్డు నిలిచెను. పతకము రాణి ఇచ్చినది. అన్నము మాత్రము ఉయ్యాలవాడ చేలలో పండినది.

ఇక నంద్యాలకు వచ్చి కాలువగట్టున నిలుచుండవలెను. అది కర్నూలు-కడప కాలువ. సుంకేసులకడ తుంగభద్ర నీటిని మళ్లించి, నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల మీదుగా కడపవరకు తీసికొనిపోవు ఈ కాలువను 1863కును 1870కిని మధ్య ఒక ఆంగ్లేయ కంపెనీ త్రవ్వించెను. పడవలు నడుపుటకును, పైరులకు నీరిచ్చుటకును అది ఉద్దేశింపబడెను. కాని నల్లరేగడిలో జొన్న, పత్తి వేయు రైతులు మొదట ఆ నీటిని అంతగా కోరలేదు. కంపెనీకి లాభము రాలేదు. 1882లో ప్రభుత్వమే కాలువను కొనెను. లాభమునకై త్రవ్విన ఆ కాలువయే నేడు ఎన్నో గ్రామముల వరిచేలకు ప్రాణము. దానికి ప్రణాళిక గీసినవారు దొరలు. మన్ను మోసినవారు కూలీలు. దొరల పేర్లు పుస్తకములలో నున్నవి. కూలీల పేర్లు ఏ రాతిమీదను లేవు.

నంద్యాల వ్యవసాయ పరిశోధన క్షేత్రము కూడ 1906లో పరపాలనలోనే మొదలైనది. అది నేడు ఈ సీమ రైతులకు విత్తనములను సమకూర్చుచున్నది. నల్లమల లోయలో 1880 దశకమున కట్టిన దొరబావి వంతెనపై నేడు రైలు పోదు. మీటరుగేజి మార్గము మారిన పిమ్మట అది వాడుకనుండి తొలగెను. ఒకటి పనికివచ్చుచున్నది, ఒకటి వాడుకలో లేదు. చరిత్ర చెప్పుటకు రెండును పనికివచ్చును.

చివరకు ఆళ్లగడ్డ. ఇచటి శిల్పుల ఉలిదెబ్బలు బాటసారులకు దూరమునుండియే వినబడును. దేవతామూర్తులను, దేశనాయకుల విగ్రహములను చెక్కి వారు దూరదేశములకు పంపుదురు. శిల్పి రాతికి ముఖము నియ్యగలడు, చేతికి కత్తి నియ్యగలడు. కాని నోటికి మాట నియ్యలేడు. ఆ మాట మనుష్యులు ఇయ్యవలసినది. చెప్పువారు లేనినాడు ఎంత గొప్ప విగ్రహమైనను కాకులు వ్రాలు రాయియే యగును.

కనుక ఈ సీమ విద్యార్థులు తమ ఊరి పాత కట్టడములకు తామే మార్గదర్శులు కావలెను. ఊరి వృద్ధులను అడిగి వారు చెప్పినది వ్రాసికొనవలెను. గ్రంథాలయమున దాని సంవత్సరమును వెదకి సరిచూడవలెను. రెండును కలియనిచోట దాచక, కలియలేదనియే చెప్పవలెను. రీగాలోని మూలయింటి కడనైనను, కోయిలకుంట్ల కోట కడనైనను ధర్మ మొక్కటియే. పాత పాలనను ద్వేషించుట చరిత్ర కాదు. పూజించుటయు చరిత్ర కాదు. అక్కడ బాధపడిన వారికి, పనిచేసిన వారికి న్యాయము కలుగునట్లు నిజము చెప్పుటయే చరిత్ర.

ప్రశ్నలు

1. పాత పాలన గుర్తులను చూచుటలో గల మూడు మార్గములెవ్వి? వానిలో ఉత్తమమైనది ఏది? ఎందుకు?
2. విల్నియస్ ప్రదర్శనశాల చరిత్రనుండి నేర్చుకొనవలసిన నీతి ఏమి?
3. కట్టుబడులు నరసింహారెడ్డి పక్షము చేరుటకు కారణమేమి?
4. భయమునకు గుర్తుగా కట్టిన శిరస్సు పౌరుషమునకు గుర్తు ఎట్లయ్యెను?
5. “పతకము రాణి ఇచ్చినది, అన్నము మాత్రము ఉయ్యాలవాడ చేలలో పండినది.” ఈ వాక్యమును వివరింపుడు.
6. మీ ఊరిలోని ఒక పాత కట్టడమును గూర్చి పెద్దలనడిగి పది వాక్యములు వ్రాయుడు.