పది మంది రోగులు, రెండు మందులు: తేడా నిజమేనా?



"ఈ మందు మా బావగారికి బాగా పనిచేసింది, మీరూ వాడండి" అని ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. ఆ మాట విని డాక్టరు రాసిన బి.పి., షుగరు మాత్రలు ఆపేసేవారు ఉన్నారు. కొద్దిమందిలో కనిపించిన మేలు నిజంగా మందు వల్లనేనా, లేక అనుకోకుండా జరిగిందా? దీన్ని ఎలా పరీక్షిస్తారో ఈ పాఠంలో తెలుసుకుందాం.

చెరకు పండించేవారికి ఇది కొత్త విషయం కాదు. మన అనకాపల్లిలో చెరకు పరిశోధన కేంద్రం 1913 నుండి ఉంది. రెండు రకాల చెరకును పోల్చాలంటే ఒకటి పల్లంలోనూ, ఇంకొకటి మెట్టలోనూ నాటకూడదు. ఒకే పొలంలో పక్కపక్క మడుల్లో నాటాలి. లేకపోతే తేడా రకానిదో, నేలదో తెలియదు.

నిద్ర మందుల లెక్క

డబ్లిన్ నగరంలోని గిన్నెస్ బీరు కంపెనీలో పనిచేసిన విలియం గాసెట్, 1908లో "స్టూడెంట్" అనే మారుపేరుతో ఒక పద్ధతిని ప్రకటించారు. కొద్దిపాటి లెక్కలతోనే తేడాను పరీక్షించే ఈ పద్ధతిని నేడు టి-టెస్ట్ అంటారు. ఆయన చూపిన ఉదాహరణలో 10 మంది రోగులు, రెండు నిద్ర మందులు ఉన్నాయి. ఆ అంకెలు 'ఆర్' అనే ఉచిత కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌లో నేటికీ అభ్యాసం కోసం ఉన్నాయి.

మొదటి మందుతో సగటున 45 నిమిషాలు, రెండవ మందుతో సుమారు 2 గంటల 20 నిమిషాలు అదనంగా నిద్ర పట్టింది. అయితే మనిషికీ మనిషికీ చాలా తేడా ఉంది. మొదటి మందుతో ఒకరికి 3.7 గంటలు నిద్ర పెరిగితే, మరొకరికి 1.6 గంటలు తగ్గింది.

ఈ అంకెలను వేర్వేరు మనుషులున్న రెండు గుంపులుగా భావించి కంప్యూటరుకు ఇస్తే, మందుల మధ్య నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా, లేదా ఇంతకన్నా ఎక్కువ, కనిపించే అవకాశం 100కి సుమారు 8 అని చూపుతుంది. సాధారణంగా 100కి 5 కన్నా తక్కువైతేనే తేడా ఉందని అంగీకరిస్తారు.

కాని రెండు మందులూ వాడింది అదే 10 మంది! ఎవరి అంకెను వారి అంకెతోనే పోల్చితే 9 మందికి రెండవ మందుతోనే ఎక్కువ నిద్ర, ఒకరికి రెండూ సమానం. ఇలా జతలుగా లెక్కిస్తే ఆ అవకాశం 1000కి సుమారు 3 మాత్రమే. అంకెలు అవే, జవాబు మారింది. ఎవరిని ఎవరితో పోల్చాలో కంప్యూటరుకు తెలియదు, మనమే చెప్పాలి. నచ్చిన జవాబు వచ్చే పద్ధతిని ఏరుకోకూడదు. పరీక్ష జరిగిన తీరే పద్ధతిని నిర్ణయిస్తుంది.

గుర్తుంచుకోవలసినవి

1. ఏదైనా మందు గురించి వింటే ఎంతమందికి ఇచ్చారు, దేనితో పోల్చారు, గుణం కనిపించనివారు ఎందరు అని అడగండి.
2. మీ బి.పి.ని పొరుగువారి బి.పి.తో పోల్చకండి. ఒకే సమయంలో, అదే చేతికి చూపించుకొని, తేదీతో పుస్తకంలో రాసుకోండి.
3. ఒక్కసారి తగ్గినంత మాత్రాన మందు గుణమనుకోకండి. ఉప్పు తగ్గించినా, విశ్రాంతి దొరికినా అంకె మారుతుంది.
4. ఆ పుస్తకాన్ని డాక్టరుకు చూపించండి. వారు చెప్పకుండా మాత్రలు ఆపవద్దు.