నేలను బట్టి యంత్రం: ట్రాక్ స్నో బ్లోయర్ ఎంపిక, వాడకం

తుమకూరు జిల్లాలోని పావగడ తాలూకా కర్ణాటకలో భాగమే అయినా దానికి మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ సరిహద్దే ఉంది. అక్కడ అనేకుల ఇంటి భాష తెలుగు. వాన తక్కువ, ఎండ ఎక్కువ. ఆ ఎండనే ఆధారం చేసుకొని తిరుమణి పరిసరాలలోని ఐదు గ్రామాల భూములలో, సుమారు 13,000 ఎకరాల విస్తీర్ణంలో, 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు వెలసింది. అటువంటి సీమ నుండి చదువు కోసమో ఉద్యోగం కోసమో బెంగళూరు చేరి, అక్కడి నుండి ఉత్తర అమెరికా నగరాలకు వచ్చి స్థిరపడిన కుటుంబాలకు సొంత ఇంటితో పాటు ఒక కొత్త బాధ్యత వస్తుంది. అది ఇంటి ముందు కురిసిన మంచును తొలగించడం.

ఈ పనికి వాడే యంత్రాలలో చక్రాలకు బదులు రబ్బరు పట్టాల మీద నడిచే రకాన్ని ట్రాక్ స్నో బ్లోయర్ అంటారు. ఇది ఖరీదైనది, బరువైనది. అవసరమైన చోట దీనికి సాటి లేదు. అవసరం లేని చోట ఇది భారమే. ఈ తేడాను గుర్తించడం, కొన్న తరువాత ప్రమాదం లేకుండా వాడుకోవడం ఈ పాఠంలోని ముఖ్యాంశాలు.

1. పౌర బాధ్యత

మంచు తొలగింపు కేవలం కారు బయటికి తీసుకోవడానికి చేసే పని కాదు. ఇంటి ముందున్న కాలిబాట మీద బడికి వెళ్లే పిల్లలు, వృద్ధులు, చక్రాల కుర్చీలో ప్రయాణించేవారు, ఉత్తరాలు పంచేవారు నడుస్తారు. తొలగించని మంచు ఒక్క రాత్రిలో గడ్డకట్టి గాజులా మారుతుంది. దాని మీద జారిపడి తుంటి ఎముక విరిగిన వృద్ధుడు తిరిగి లేచి నడవడానికి నెలలు పట్టవచ్చు.

అందుకే అనేక నగరాలు గడువును విధించాయి. కాల్గరీలో మంచు ఆగిన 24 గంటలలోగా ఇంటి పక్కనున్న కాలిబాటను శుభ్రం చేయాలి. మినియాపొలిస్‌లో ఒంటరి ఇళ్లకు, జంట ఇళ్లకు అదే 24 గంటల గడువు ఉంది. మాంట్రియల్‌లో ప్రజల కాలిబాటలను నగరమే శుభ్రం చేస్తుంది. నగరం మారితే నిబంధన మారుతుంది కనుక, కొత్తగా వచ్చినవారు తాము నివసించే చోటి నియమాన్ని మొదటి శీతకాలానికి ముందే తెలుసుకోవాలి. అనేక నగరాలలో 311 సంఖ్యకు ఫోన్ చేస్తే ఈ వివరాలు లభిస్తాయి.

2. మంచుకూ బరువుంది

గాలిలో దూదిపింజలా తేలే మంచు నేల మీద పేరుకున్నాక ఎంత బరువుంటుందో మొదటిసారి పార పట్టినవారికి గాని తెలియదు. ఆరు మీటర్ల వెడల్పు, 12 మీటర్ల పొడవు ఉన్న డ్రైవ్‌వే మీద 20 సెంటీమీటర్ల మంచు పడిందనుకుంటే, దాని పరిమాణం 14 ఘనమీటర్లకు మించుతుంది. కొత్తగా కురిసిన పొడి మంచు ఘనమీటరుకు సుమారు 100 కిలోలు తూగుతుంది. అంటే ఆ ఒక్క ఉదయం ఎత్తిపోయవలసినది దాదాపు ఒకటిన్నర టన్ను. అదే మంచు తడిసి అణగితే ఘనమీటరుకు 300 కిలోల వరకు తూగవచ్చు. అప్పుడు లెక్క నాలుగు టన్నులు దాటుతుంది.

చలిలో రక్తనాళాలు ముడుచుకుంటాయి, రక్తపోటు పెరుగుతుంది. అదే సమయంలో అలవాటు లేని శరీరం హఠాత్తుగా బరువులెత్తితే గుండె మీద భారం రెట్టింపవుతుంది. దక్షిణాసియా వారికి గుండెజబ్బు ముప్పు ఎక్కువన్నది వైద్యులు చాలాకాలంగా చెబుతున్న మాట. మధుమేహం, రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారు, ఏళ్ల తరబడి కుర్చీలో కూర్చుని పనిచేస్తున్నవారు పార పట్టే ముందు వైద్యుని సలహా తీసుకోవాలి. ఛాతీలో బిగువు, ఎడమ చేతిలోనో దవడలోనో నొప్పి, చల్లని చెమట కనిపిస్తే పని అక్కడే ఆపి 911కు ఫోన్ చేయాలి. యంత్రం కొనడానికి సౌకర్యం కన్నా ముందుగా చెప్పుకోవలసిన కారణం ఇదే.

3. యంత్రం పనిచేసే తీరు

మంచును తోడి దూరంగా విసిరే యంత్రాన్ని క్యూబెక్‌కు చెందిన ఆర్థర్ సికార్డ్ 1925లో రూపొందించాడు. 1927లో మాంట్రియల్ చెంతనున్న ఊట్రెమాంట్ పట్టణం దానిని కొనుగోలు చేసింది. పొలంలో ధాన్యం నూర్చే యంత్రాన్ని చూసినప్పుడు ఆయనకు ఈ ఆలోచన కలిగిందని ప్రతీతి. వేరుశనగ కాయలను తీగ నుండి విడదీసే యంత్రాన్ని ఊళ్లో చూసినవారికి ఇది ఆశ్చర్యం కలిగించదు. ఒక వైపు నుండి లోపలికి లాక్కొని మరొక వైపుకు విసరడమే రెండింటి సూత్రం.

ఇళ్లలో వాడే పెద్ద యంత్రాలు సాధారణంగా రెండు అంచెలవి. ముందున్న పెట్టెలో మరసుట్టులా తిరిగే ఆగర్ మంచును కోసి మధ్యకు చేరుస్తుంది. దాని వెనుక వేగంగా తిరిగే రెక్కల చక్రం ఆ మంచును చ్యూట్ అనే గొట్టం ద్వారా దూరంగా విసురుతుంది. ఒకే అంచె ఉన్న చిన్న యంత్రాలలో ఆగరే మంచును తోడి విసురుతుంది. వాటి రబ్బరు అంచు నేలను తాకుతూ నడుస్తుంది కనుక కంకర నేల మీద అవి పనికిరావు.

4. చక్రాలా, పట్టాలా?

వేసవిలో చెరువు పూడిక తీసే చోట పావగడ రైతు ఒక విషయాన్ని గమనించే ఉంటాడు. గట్టి కట్ట మీద టైర్ల జేసీబీ హాయిగా తిరుగుతుంది. అడుగున తేమ ఆరని ఒండ్రులోకి దిగవలసి వస్తే చైన్ల మీద నడిచే హిటాచీని పిలుస్తారు. టైరు నేలను ఆనే చోటు చాలా చిన్నది. బరువంతా అక్కడే పడటం వల్ల అది కూరుకుపోతుంది, లేదా జారుతుంది. పొడవైన పట్టా అదే బరువును ఎక్కువ నేల మీద పరచి, దాని పళ్లతో గట్టిగా పట్టుకుంటుంది. ట్రాక్ స్నో బ్లోయర్ సూత్రమూ ఇదే.

ఈ పట్టు మూడు చోట్ల ఉపయోగపడుతుంది. మొదటిది ఏటవాలు డ్రైవ్‌వే. చక్రాల యంత్రం ఎక్కలేక జారే చోట ట్రాక్ యంత్రం నిదానంగా ఎక్కుతుంది. రెండవది వీధి అంచున ఏర్పడే గట్టు. నగరపు నాగలి బండి వీధిని శుభ్రం చేస్తూ పోయేటప్పుడు ప్రతి ఇంటి ముందు తడి మంచును గట్టులా పోసిపోతుంది. అది గడ్డకట్టాక చక్రాల యంత్రపు ముక్కు పైకి లేచి గట్టు మీదికి ఎక్కజూస్తుంది. ట్రాక్ యంత్రం ముక్కును కిందికే ఉంచి గట్టులోకి చొచ్చుకుపోతుంది. మూడవది కంకర నేల. అనేక ట్రాక్ నమూనాలలో ముందు పెట్టె ఎత్తును ఒక మీటతో సవరించవచ్చు. పెట్టెను కొంచెం పైకి ఉంచితే రాళ్లు లోపలికి పోవు.

ఇందుకు మూల్యం కూడా ఉంది. ట్రాక్ యంత్రం ధర అదే శక్తి గల చక్రాల యంత్రం ధర కన్నా ఎక్కువ. దాని బరువు తరచుగా 100 కిలోలు దాటుతుంది. ఇంజను ఆగిపోతే దానిని తోసుకుపోవడం కష్టం. మలుపు తిప్పడానికి సహాయపడే మీటలు లేని యంత్రమైతే ప్రతి మలుపులోనూ భుజాలు నొప్పి పుడతాయి. మంచులేని చోట నడిపించవలసి వస్తే దాని నిదానం విసుగు పుట్టిస్తుంది.

కనుక చదునైన చిన్న తారు డ్రైవ్‌వే, మధ్యస్థంగా కురిసే మంచు ఉన్నవారికి ట్రాక్ యంత్రం అవసరం లేదు. రెండంచెల చక్రాల యంత్రం, కొన్ని ఇళ్లకు ఒకే అంచె యంత్రం కూడా, సరిపోతుంది. వాలు, కంకర, పొడవైన బాట, తరచుగా పేరుకునే గట్టి గట్టు, వీటిలో కనీసం రెండు ఉన్న ఇంటికి మాత్రమే అదనపు ధర సార్థకమవుతుంది.

5. కొనే ముందు

దుకాణంలో అశ్వశక్తి సంఖ్యను చూసి నిర్ణయించడం తొందరపాటు. ముందుగా ఇంటి వద్ద కొలతలు తీసుకోవాలి. యంత్రం నోటి వెడల్పు కన్నా గ్యారేజీ తలుపు, పక్కదారి వెడల్పు ఎక్కువగా ఉండాలి. కారు పక్కన యంత్రానికి చోటు మిగులుతుందో లేదో చూడాలి. ఇంట్లో దానిని నడపబోయేవారు అందరూ దుకాణంలోనే ఒకసారి చేతిపిడి ఎత్తును, మీటల బిగువును, మలుపు తిరిగే తీరును పరీక్షించాలి. కుటుంబంలో పొడవైన వ్యక్తికి అనుకూలమైనది పొట్టివారి చేతికి అందకపోవచ్చు.

మరమ్మతు చేసే దుకాణం దగ్గరలో ఉందా, విడిభాగాలు దొరుకుతాయా అని అడగడం మరువరాదు. వంద కిలోలు దాటిన యంత్రాన్ని మంచు తుఫాను నడుమ ఊరి అవతలకు తరలించడం తేలిక కాదు. మొదటి మంచు కురిసిన రోజున దుకాణాలు ఖాళీ అవుతాయి కనుక వేసవి చివరలోనే కొనడం మేలు. పాత యంత్రం కొనేవారు రబ్బరు పట్టాలో పగుళ్లు ఉన్నాయేమో చూడాలి. చల్లబడి ఉన్న ఇంజను ఎన్ని ప్రయత్నాలకు మొదలవుతుందో స్వయంగా పరీక్షించాలి.

6. చేయి పెట్టరాదు

తడి మంచు గొట్టంలో ఇరుక్కోవడం సహజం. అప్పుడు ఇంజను ఆపి, చేతితో ఆ ముద్దను తీయబోయి వేళ్లు పోగొట్టుకున్నవారు ఎందరో ఉన్నారు. ఇంజను ఆగినంత మాత్రాన అపాయం తొలగదు. ఇరుక్కున్న మంచు వల్ల లోపలి భాగాలలో బిగువు నిలిచి ఉండవచ్చు. ముద్ద కదిలిన క్షణంలో ఆ బిగువు విడుదలై రెక్క ఒక్కసారి తిరుగుతుంది. తెగిపడటానికి ఆ ఒక్క తిరుగుడు చాలు.

ఇరుక్కున్నప్పుడు పాటించవలసిన క్రమం ఇది. రెండు చేతిమీటలను వదలాలి. ఇంజను ఆపాలి. తాళంచెవి తీసి జేబులో వేసుకోవాలి. తిరిగే భాగాలన్నీ నిలిచేవరకు ఆగాలి. అప్పుడు యంత్రంతో పాటు వచ్చిన శుభ్రం చేసే కర్రతోనే ముద్దను తీయాలి. చేతికి తొడుగు ఉన్నా, తొందర ఉన్నా, చేయి మాత్రం లోపలికి పోరాదు. ఈ ఒక్క నియమాన్ని ఇంటిలోని ప్రతివారూ కంఠస్థం చేయాలి.

ఇతర జాగ్రత్తలు కూడా అంతే ముఖ్యమైనవి. శాలువా, చున్నీ, వేలాడే మఫ్లర్ ధరించి యంత్రం నడపరాదు. తలుపు తెరిచి ఉన్నా సరే గ్యారేజీలో ఇంజనును నడపనివ్వరాదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. వేడి ఇంజనులో పెట్రోలు పోయరాదు. వాలుకు అడ్డంగా కాక నిలువుగా నడపాలి. గొట్టాన్ని మనుషుల వైపు, కిటికీల వైపు తిప్పరాదు, ఎందుకంటే మంచుతో పాటు రాయి కూడా ఎగురుతుంది. పిల్లలు ఇంటి లోపలే ఉండాలి. తొలి మంచుకు ముందే డ్రైవ్‌వే అంచులలో గుర్తు కర్రలు పాతి, పాదాల పట్టాలను, నీటి గొట్టాలను, విద్యుత్ తీగలను తీసివేయాలి.

7. సంరక్షణ

పని ముగిసిన తరువాత ఆగర్‌ను కొద్దిసేపు ఖాళీగా తిప్పితే లోపలి మంచు రాలిపోతుంది. ట్రాక్ యంత్రానికి ఒక ప్రత్యేక సమస్య ఉంది. పట్టాలలో నిలిచిన తడి మంచు రాత్రికి గడ్డకట్టి యంత్రాన్ని నేలకు అతికిస్తుంది. అందువల్ల పట్టాల మంచును కర్రతో దులిపి, యంత్రాన్ని కొంచెం ముందుకూ వెనుకకూ నడిపి, చెక్క పలక మీద నిలపడం మంచిది. పట్టా బిగువు సరిగా ఉందో లేదో యంత్రపు పుస్తకంలో చెప్పిన కొలత ప్రకారం అప్పుడప్పుడు చూసుకోవాలి.

ఆగర్‌లో రాయి చిక్కినప్పుడు ముందుగా విరిగేది షియర్ పిన్ అనే చిన్న మొల. అది విరిగి పెద్ద భాగాలను కాపాడుతుంది. దాని స్థానంలో మామూలు బోల్టు బిగిస్తే తరువాతి రాయికి గేర్‌బాక్సే పగులుతుంది. తయారీదారు సూచించిన పిన్నులను నాలుగైదు దగ్గర ఉంచుకోవాలి. నిలవ ఉన్న పెట్రోలు చెడిపోయి కార్బురేటర్‌ను మూసివేస్తుంది. వసంతంలో యంత్రాన్ని మూల పెట్టేటప్పుడు పుస్తకంలో చెప్పినట్లు పెట్రోలును ఖాళీ చేయాలి, లేదా దానిలో స్టెబిలైజర్ కలపాలి. నూనె మార్పిడి అప్పుడే పూర్తిచేస్తే శరత్తులో కంగారు ఉండదు.

8. ఇరుగుపొరుగు

తోడిన మంచు ఎక్కడికి పోవాలన్నది కూడా నిర్ణయించుకోవలసిన విషయమే. దానిని వీధిలోకి విసరడం అనేక చోట్ల నిషిద్ధం. ఒంటారియోలో అనుమతి లేకుండా రహదారి మీద మంచు వేయరాదని రాష్ట్ర చట్టమే చెబుతుంది. పొరుగువారి బాట మీదికి, అగ్నిమాపక నీటి గొట్టం మీదికి విసరడం కూడా తగదు. గాలి వీచే దిక్కును చూసి సొంత పచ్చిక మీదికే మళ్లించాలి. ఇంజను మోత దూరం పోతుంది కనుక నగరపు శబ్ద నియమాలలోని వేళలను తెలుసుకోవాలి.

ఒకరి పొలంలో ఒకరు బదులుకు పనిచేయడం, ఒక యంత్రాన్ని పది కుటుంబాలు వంతుల వారీగా వాడుకోవడం పల్లెలో పెరిగినవారికి కొత్త కాదు. పక్కపక్కనున్న మూడు నాలుగు ఇళ్లవారు కలిసి ఒక ట్రాక్ యంత్రాన్ని కొంటే ఖర్చు తగ్గుతుంది, గ్యారేజీలలో చోటు మిగులుతుంది. అయితే ఎవరు నడుపుతారు, పెట్రోలు, మరమ్మతు ఖర్చు ఎలా పంచుకుంటారు, ముందు ఎవరి బాట తీస్తారు అన్న మాటలు ముందే కాగితం మీద రాసుకోవాలి. వృద్ధులు ఉన్న ఇంటి బాటను మొదట తీయడం ఆ ఒప్పందంలో తొలి మాటగా ఉండటం భావ్యం.

పునశ్చరణ

యంత్రం కొనదలచినవారు ఈ ప్రశ్నలకు ఇంటివారితో కలిసి జవాబులు రాసుకోవాలి.

• మన నగరంలో కాలిబాట శుభ్రతకు గడువు ఎంత?
• మన బాటలో వాలు, కంకర, పెద్ద పొడవు, వీధి అంచు గట్టు, వీటిలో ఎన్ని ఉన్నాయి?
• యంత్రాన్ని ఎక్కడ నిలుపుతాము? ఎవరు నడుపుతారు?
• మరమ్మతు దుకాణం ఎంత దూరం?
• మంచు ఇరుక్కుంటే పాటించవలసిన క్రమాన్ని ఇంటిలో అందరూ తప్పు లేకుండా చెప్పగలరా?

చివరి ప్రశ్నకు అవునని జవాబు వచ్చేవరకు యంత్రాన్ని మొదలుపెట్టరాదు.