కొండ దారిలో నలుగురు ఆడవాళ్ళు

అక్కలూ, అమ్మలూ! ఈ పాఠం ఒక బండి గురించి. ఒక కొండ దారి గురించి. మెల్లగా చదవండి. ఒకరు పైకి చదివితే మిగతావారు వినండి.

తాళం మేకుకే ఉంది

అవి మిరపకోతల రోజులు. పగలంతా చేలో కాయలు కోసి, రాత్రి ఏడున్నరకి అందరూ మా చదువు కేంద్రానికి వచ్చారు. ఒక అక్క మాత్రం పలక ముందు పెట్టుకుని కూర్చుంది. రాయడం లేదు.

"ఏం అక్కా, ఒంట్లో బాగాలేదా?" అని అడిగాను.

"నాకేం కాలేదు టీచరమ్మా. మొన్న రాత్రి పిల్లోడికి జ్వరం వచ్చింది. ఒళ్ళు పేలిపోతోంది. ఆయన టిక్కీలు వేసుకుని గుంటూరు మిర్చి యార్డుకు పోయాడు. లారీలో పోయాడు. బండి ఇంటి ముందే ఉంది. తాళం మేకుకే ఉంది. నడిపే మనిషి లేడు."

"108కి ఫోన్ చేయకపోయావా?" అంది పక్కనున్న అక్క.

"ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ ఆయన దగ్గరే ఉందిగా! అందరి తలుపులూ తట్టాను. గంట తర్వాత మా బావగారి అబ్బాయి వచ్చి తీసుకుపోయాడు. ఆ గంట నేను తాళం వంకే చూస్తా కూర్చున్నా."

పిల్లవాడు కోలుకున్నాడు. కానీ ఆ గంట ఆమె మనసులో నుంచి పోలేదు.

"ఎంత చెప్పినా బండి మగవాళ్ళది. ఆడవాళ్ళం మనం యాడ నడుపుతాం?" అంది ఒక పెద్దమ్మ.

ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు నేను నలుగురు ఆడవాళ్ళ కథ చెప్పాను. ఇది కట్టు కథ కాదు. జరిగిన కథ.

నలుగురు బయలుదేరారు

2018 ఫిబ్రవరి నెల. హైదరాబాదు నుంచి నలుగురు ఆడవాళ్ళు నాలుగు మోటారు సైకిళ్ళ మీద బయలుదేరారు. జై భారతి, శాంతి, పియా బహదూర్, శిల్పా బాలకృష్ణన్ వారి పేర్లు. జై భారతి భవనాలకు ప్లాన్లు గీసే ఆర్కిటెక్టు. శాంతి అప్పట్లో పోలీసు శాఖలో ఉద్యోగం చేసేవారు. తెలంగాణ పర్యాటక శాఖ వారికి అండగా నిలిచింది.

ఎంత దూరం పోయారో తెలుసా? 17,000 కిలోమీటర్లు! గుంటూరు నుంచి హైదరాబాదుకు సుమారు 270 కిలోమీటర్లు. ముప్పైసార్లకు పైగా పోయి వచ్చినంత దూరం అది. వారికి 56 రోజులు పట్టింది.

మన దేశం దాటి మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం తిరిగారు. మన దేశంతో కలిపి ఆరు దేశాలు. మెకాంగ్ నది ఈ ఐదు దేశాలనూ తాకుతూ పోతుంది. మన కృష్ణ పొడవు సుమారు 1,400 కిలోమీటర్లు. మెకాంగ్ దానికి మూడింతలు ఉంటుంది. అందుకే ఆ ప్రయాణానికి 'రోడ్ టు మెకాంగ్' అని పేరు పెట్టారు. అంటే మెకాంగ్ నదికి దారి అని అర్థం. తర్వాత పియా బహదూర్ అదే పేరుతో పుస్తకం రాశారు.

మన రాష్ట్రాలకు ఈశాన్యాన, చాలా దూరంలో మణిపూర్ ఉంది. అక్కడి నుంచి మయన్మార్‌కు పోయే దారి కొండల్లోనే. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. లావోస్ దేశంలో కూడా ఎక్కువ భాగం కొండలే.

చదువుకున్నవారికీ రాని అక్షరాలు

ఇక్కడ ఒక మాట ఆలోచించండి. థాయ్‌లాండ్‌లో లిపి వేరు. మయన్మార్‌లో వేరు. కంబోడియాలో వేరు. వారు ఎంత చదువుకున్నవారైనా, అక్కడి బోర్డు ముందు నిలబడితే అక్షరం ముక్క రానట్టే. ఒకప్పుడు బస్సు బోర్డు ముందు మనం నిలబడ్డట్టే!

మరి దారి ఎలా తెలుస్తుంది? అంకెలు చాలా చోట్ల ఒకటే. రోడ్డు గుర్తులు కూడా చాలావరకు ఒకేలా ఉంటాయి. వాటిని మనమూ నేర్చుకుందాం.

ఎర్ర అంచు ఉన్న మూడు మూలల బోర్డు: జాగ్రత్త! ముందు మలుపో, బడో, వంతెనో ఉంది.
ఎర్ర అంచు ఉన్న గుండ్రటి బోర్డు: ఈ పని చేయకూడదు, లేదా ఈ హద్దు దాటకూడదు.
నీలం రంగు గుండ్రటి బోర్డు: ఇలాగే పోవాలి.
నీలం రంగు నాలుగు మూలల బోర్డు: ఆస్పత్రి, పెట్రోలు బంకు వంటివి దగ్గరలో ఉన్నాయి.

ఇంకో చిక్కు ఉంది. మన దేశంలో ఎడమ పక్కన నడపాలి. మయన్మార్‌లో కుడి పక్కన నడపాలి. థాయ్‌లాండ్‌లో మళ్ళీ ఎడమ. లావోస్, కంబోడియా, వియత్నాంలో కుడి. సరిహద్దు దాటగానే చెయ్యీ కన్నూ కొత్తగా నేర్చుకోవాలి. తెలిసినవారు కూడా మళ్ళీ నేర్చుకోవలసిందే. అందులో సిగ్గేముంది?

కొండ దారిలో బండి

కొండ దారి చూడాలంటే దేశాలు దాటక్కరలేదు. మార్కాపురం దాటి దోర్నాల పోతే నల్లమల మొదలవుతుంది. దోర్నాల నుంచి శ్రీశైలం సుమారు 50 కిలోమీటర్లు. శివరాత్రికి బస్సులో పోయి ఉంటారు. పాములా మెలికలు తిరిగే ఘాట్ రోడ్డు. అది పులులుండే అడవి. అందుకే రాత్రిపూట అటు బండ్లను వదలరు.

ఆ దారిలో బండి నడపాలంటే బలం కన్నా తెలివి ముఖ్యం.

1. ఎక్కేటప్పుడు చిన్న గేరు వేయాలి. పెద్ద గేరులో బండి ఆయాసపడి ఆగిపోతుంది.

2. దిగేటప్పుడు కూడా చిన్న గేరే వేయాలి. పెట్రోలు మిగులుతుందని ఇంజను ఆపి దిగకూడదు. ఎద్దుల బండి దిగుడులో పోతుంటే ఎద్దులు వెనక్కి పట్టి నిలుస్తాయి కదా! చిన్న గేరులో ఇంజను కూడా అలాగే బండిని పట్టి ఉంచుతుంది.

3. బ్రేకు అదే పనిగా తొక్కిపట్టి ఉంచకూడదు. వేడెక్కితే బ్రేకు సరిగ్గా పట్టదు. రెండు బ్రేకులూ మెల్లగా, వదిలి వదిలి వేయాలి.

4. మలుపు రాకముందే వేగం తగ్గించాలి. హారన్ కొట్టాలి. మలుపులో ముందు బండిని దాటకూడదు.

5. ఇరుకు దారిలో ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలి.

గుంపుగా పోయేటప్పుడు

నలుగురు కలిసి పోయేటప్పుడు పక్కపక్కన నడపకూడదు. ఒకరి వెనక ఒకరు, ఎడం ఉంచి నడపాలి. దారి తెలిసినవారు ముందుండాలి. అనుభవం ఉన్న ఇంకొకరు చివర ఉండాలి. కొత్తవారు మధ్యలో ఉండాలి. ఎక్కడ ఆగాలో ముందే అనుకోవాలి. వెనకాల బండి కనిపించకపోతే ముందు బండి జాగా చూసి ఆగాలి.

అన్నిటికన్నా పెద్ద నియమం ఇది. గుంపులో అందరికన్నా నెమ్మదిగా నడిపేవారి వేగమే అందరి వేగం. మన చదువు కేంద్రంలో కూడా అంతే కదా! ఒకరికి గుణింతం రాకపోతే అందరం ఇంకోసారి చదువుతాం.

సైకిలు నేర్చిన జిల్లా

తమిళనాడులో పుదుక్కోట్టై అనే జిల్లా ఉంది. 1991లో అక్కడ అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్. ఆమె ఆడవాళ్ళకు చదువుతో పాటు సైకిలు కూడా నేర్పించాలన్నారు. కూలికి పోయేవారు, రాళ్ళు కొట్టేవారు, అంగన్‌వాడీ పనివారు వేలమంది నేర్చుకున్నారు. మొదట్లో ఊళ్ళో నవ్వినవారున్నారు. గేలి చేసినవారున్నారు. అయినా వారు ఆగలేదు. నీళ్ళకు పోవడానికీ, సరుకు అమ్ముకోవడానికీ బస్సు కోసం కాచుకునే పని తప్పింది.

జై భారతి కూడా కొండలు దాటి వచ్చి ఊరుకోలేదు. 2019లో హైదరాబాదులో 'మోవో' అనే సంస్థ పెట్టారు. ఆడవాళ్ళకు బండ్లు నడపడం నేర్పే సంస్థ అది. తాను పోయి రావడం ఒక ఎత్తు. పదిమందికి నేర్పడం ఇంకో ఎత్తు.

మనం నేర్చుకోవాలంటే

గేర్ల బండి నడపడానికి 18 ఏళ్ళు నిండాలి. లైసెన్సు ఉండాలి. ముందు నెట్ సెంటరులో ఎల్‌ఎల్‌ఆర్‌కు దరఖాస్తు పెట్టాలి. వయసు, చిరునామా తెలిపే కాగితాలు కావాలి. ఒక చిన్న పరీక్ష ఉంటుంది. అందులో రోడ్డు గుర్తులు, నియమాలు అడుగుతారు. పైన మనం చదువుకున్న గుర్తులు అక్కడ పనికొస్తాయి.

ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు ఉంటుంది. అది వచ్చిన 30 రోజుల తర్వాత బండి నడిపి చూపించాలి. నెగ్గితే లైసెన్సు ఇస్తారు. అప్పటిదాకా బండికి ఎల్ బోర్డు పెట్టాలి. లైసెన్సు ఉండి నేర్పేవారిని తప్ప వేరేవారిని వెనక ఎక్కించుకోకూడదు.

హెల్మెట్ లేకుండా బండి ఎక్కవద్దు. వెనక కూర్చునేవారికీ హెల్మెట్ కావాలి. చీర చెంగు, చున్నీ గట్టిగా దోపుకోండి. చక్రంలో పడితే ప్రాణం మీదికి వస్తుంది.

ఆ అక్క ఏం చేసింది?

కథ విన్నాక ఆ అక్క ఇంటికి పోయి భర్తను అడిగింది. "పడితే కాలు విరుగుద్ది. కోతలు ఎవరు కోస్తారు?" అన్నాడాయన. నాలుగు రోజులు మాట్లాడలేదు. అయిదో రోజు ఆమె మళ్ళీ అడిగింది. "ఆ రాత్రి నువ్వు లేవు. ఇంకో రాత్రి కూడా ఉండవు. అప్పుడేం చెయ్యను?" అంది.

దానికి ఆయన దగ్గర జవాబు లేదు. ఆదివారం పొద్దున్నే ఖాళీ కల్లంలో ఆయనే బండి పట్టుకుని నేర్పాడు. ఆమె రెండుసార్లు పడింది. మోచెయ్యి కొట్టుకుపోయింది. గట్టు మీద నిలబడి కొందరు నవ్వారు.

ఎల్‌ఎల్‌ఆర్ పరీక్షలో ఒకసారి తప్పింది. రోడ్డు గుర్తులు మళ్ళీ చదివింది. రెండోసారి నెగ్గింది. ఆ కాగితం మీద తన పేరు తానే చదువుకుంది.

"అక్కా, ఇంక శ్రీశైలం పోదామా?" అని నవ్వుతూ అడిగాను.

"లైసెన్సు రానీ టీచరమ్మా. ముందు మన ఆస్పత్రి దాకా పోయి వస్తే నాకు చాలు. కొండ యాడికీ పోదుగా!" అంది.

తాళం ఇప్పటికీ ఆ మేకుకే ఉంది. తీసే చేతులు ఇప్పుడు నాలుగు.

కొత్త మాటలు

సరిహద్దు: రెండు దేశాలు కలిసే చోటు
లోయ: కొండల మధ్య లోతైన చోటు
ఘాట్ రోడ్డు: కొండ మీదికి వేసిన మెలికల దారి

మాట్లాడుకుందాం

1. మీ ఇంట్లో బండి ఉందా? ఎవరు నడుపుతారు? అర్ధరాత్రి అవసరం వస్తే ఏం చేస్తారు?
2. కొత్తగా నేర్చుకునేవారిని చూసి ఎందుకు నవ్వుతారు? మీరు చదువు మొదలుపెట్టినప్పుడు ఎవరైనా నవ్వారా?
3. భర్త కాలు విరుగుతుందని భయపడ్డాడు. ఆ భయంలో నిజం ఉందా? ఆ అక్క చెప్పిన మాట సరైనదేనా?

లెక్క చేద్దాం

నలుగురూ 56 రోజుల్లో 17,000 కిలోమీటర్లు తిరిగారు. రోజుకు సుమారు ఎన్ని కిలోమీటర్లు?

రాద్దాం

ఈ వారం మీ ఊరి రోడ్డు మీద కనిపించిన మూడు గుర్తుల బొమ్మలు గీయండి. ఒక్కొక్కదాని కింద దాని అర్థం రాయండి.