పల్లకీ ఎత్తిన పాపన్న

క్లాసులో కాపీ అన్నారని రంగులు కూడా వేయకుండా పక్కన పడేస్తే ఎట్లా బిడ్డా? నువ్వు పంపిన అట్టబొమ్మను ఫోన్‌లో పెద్దది చేసుకుని చాలాసేపు చూశాను. వాళ్ళు చూడగానే సూపర్‌మ్యాన్‌ను గుర్తుపట్టారంటే నీ గురి తప్పలేదు. గుర్తుపట్టాలనే కదా సర్వాయి పాపన్న చేత పల్లకీ ఎత్తించావు!

1938 జూన్ నాటి యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక అట్ట మీద జో షుస్టర్ గీసిన ఆ భంగిమను, ఆకుపచ్చ కారును తలపైకెత్తి బండకేసి కొట్టే ఆ మనిషిని, తర్వాత ఎందరు చిత్రకారులు తిరిగి గీశారో లెక్కలేదు. దొంగిలించేవాడు మూలం కనపడనివ్వడు. కుడి ఎడమలు తిప్పుతాడు, ముఖం మారుస్తాడు, ఎవరైనా అడిగితే నాకు తెలియదంటాడు. నీలాగా గీసేవాడికి మాత్రం పాత బొమ్మ చూసేవాళ్ళ మనసులో మెదిలితేనే పని జరుగుతుంది. ఈ రెండింటినీ కలగలిపి భయపడకు.

మన చేర్యాల నకాషీల పటాలు నీకు చూపించాను గుర్తుందా? మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారికి ఒక పటం, పాండవుల కథ చెప్పే కాకిపడగలవారికి మరొకటి. బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పూసి, ఆరబెట్టి, ఎర్రటి నేల వేసి, గజాల కొద్దీ వరసలుగా కథంతా గీస్తారు. ఊరూరా తిరిగి, చుట్టి విప్పి చుట్టి విప్పి పటం చిరుగుపట్టినప్పుడు, కథ చెప్పేవాళ్ళు దాన్ని తీసుకుని నకాషీ ఇంటికి వెళ్ళేవారు. అతడు పాతదాన్ని చూసి కొత్తది గీసేవాడు. పాతదాన్ని పూజ చేసి నీళ్ళలో కలిపేవారు. ఆ నకాషీని కాపీగాడని ఎవరూ అనలేదు. భీముడు భీముడిలా లేకపోతేనే జనం ఊరుకోరు. అయినా ఒక ఇంటి గీత ఇంకో ఇంటి గీతలా ఉండదు; కన్ను దిద్దే తీరులో, నగలు పెట్టే తీరులో చెయ్యి తెలిసిపోతుంది. సెలవుల్లో రెండు పటాలు పక్కపక్కన పెట్టుకుని చూడు. నేను ఎంత రాసినా ఆ తేడా నీ కళ్ళకే దొరకాలి.

చందమామలో శంకర్ గీసిన విక్రమార్కుడి బొమ్మ కూడా అంతే. భుజాన శవం, చేతిలో కత్తి, చుట్టూ శ్మశానం. నెలనెలా అదే బొమ్మ చూసి ఎన్ని తరాలు పెరిగాయో. ఇప్పటికీ మన పత్రికల్లో కార్టూనిస్టు ఒక మంత్రి భుజం మీద ఏదో ఒక సమస్యను వేలాడదీస్తే, కింద ఒక్క మాట రాయకపోయినా మనకు అర్థమవుతుంది. కిరీటం తీసేసినా, శ్మశానం తీసేసినా, ఆ నడక, ఆ భుజం మీది బరువు చాలు. పాత బొమ్మలో ఏది ఉంటే బొమ్మ నిలుస్తుందో అది పట్టుకోవాలి. నిన్ను కోప్పడేది అక్కడే.

షుస్టర్ బొమ్మలో నువ్వు కారును చూశావు. ఎడమవైపు కింది మూల చూడలేదు. అక్కడ ఒక మనిషి రెండు చేతులా తల పట్టుకుని, నోరు తెరిచి, అట్టలోంచి మన మీదికి వచ్చి పడేటట్టు పరుగెత్తుతున్నాడు. అందరికన్నా దగ్గరగా ఉన్నది వాడే. వాడి ముఖం చూశాకే మనకు కారు బరువు తెలుస్తుంది. వాడి మీద వేలు పెట్టి మూసి చూడు, మిగిలింది వ్యాయామశాల బొమ్మ. నువ్వు వాడిని వదిలేసి, వెనకాల చీమలంత సైజులో నలుగురు బోయీలు పారిపోతున్నట్టు గీశావు.

బోయీలు ఎందుకు పారిపోవాలి బిడ్డా? పల్లకీ జాగీర్దారుది, మోత మాత్రమే వాళ్ళది. పాపన్న పాటలో ఆయన వెంట ఉన్నవాళ్ళ పేర్లు విన్నావు కదా: చాకలి, మంగలి, కుమ్మరి, మేదరి, ఎరుకల, యానాది, దూదేకుల. కల్లుగీసే ఇంట పుట్టి 1708లో ఓరుగల్లు మీద పడ్డవాడు, 1710లో మొఘలుల చేతిలో ప్రాణం పోగొట్టుకున్నవాడు బోయీలను బెదిరిస్తున్నట్టు గీస్తే కథే తలకిందులైంది. సూపర్‌మ్యాన్ కూడా మొదటి కథలో అణగారినవాళ్ళ పక్షాన నిలబడే మనిషిగానే వచ్చాడు. ఆ కారు విలేకరి లోయిస్ లేన్‌ను ఎత్తుకుపోయిన రౌడీలది. ఈ పోలిక పట్టుకున్నందుకు నిన్ను మెచ్చుకోవాలి, పట్టుకుని సగంలో వదిలేసినందుకు తిట్టాలి. పల్లకీ దిగి పరుగెత్తే జాగీర్దారును ఆ ఎడమ మూలకు తే. తలపాగా జారిపోనీ. బోయీలను కదలకుండా నిలబెట్టు. ఒకడు భుజం మీది కాయ తడుముకుంటూ పైకి చూడనీ. అప్పుడు అది షుస్టర్ చెప్పని మాట అవుతుంది.

ఇదంతా విదేశీ కామిక్స్ గొడవ అనుకోకు. 1985లో జార్జ్ పెరెజ్ ఒక అట్ట మీద చనిపోయిన సూపర్‌గర్ల్‌ను చేతుల్లో మోస్తూ ఏడ్చే సూపర్‌మ్యాన్‌ను గీశాడు. దాని వెనక మైకెలాంజెలో చెక్కిన పియెటా ఉందంటారు, కొడుకు శవాన్ని ఒళ్ళో పెట్టుకున్న తల్లి. నాకైతే అది చూసినప్పుడల్లా హరిశ్చంద్ర నాటకంలో లోహితాస్యుణ్ణి ఒళ్ళో వేసుకున్న చంద్రమతే గుర్తొస్తుంది. ఇలాంటివి నీ ఇంట్లోనే ఉన్నాయి, వెతుక్కో.

ఇంకొక పని తప్పకుండా చెయ్యాలి. నీ సంతకం కింద చిన్న అక్షరాల్లో ‘జో షుస్టర్ బొమ్మను అనుసరించి’ అని రాయి. అమెరికా చిత్రకారులు చాలామంది అట్లాగే రాస్తారు. షుస్టర్, అతని స్నేహితుడు జెర్రీ సీగెల్ ఇద్దరూ వలస వచ్చిన యూదుల పిల్లలు. సూపర్‌మ్యాన్ హక్కులను 130 డాలర్లకు రాసిచ్చేశారు. ఆ తర్వాత హక్కుల కోసం, బొమ్మ మీద తమ పేరు కోసం ఏళ్ళ తరబడి పోరాడారు. పేరు రాయడం నీకు అరనిమిషం పని. ఆ ఒక్క వాక్యం ఉంటే క్లాసులో నీ బొమ్మను కాపీ అనేవాడూ ఉండడు.

పాపన్న ముఖం గురించి ఇప్పుడేం చెప్పను. ఊళ్ళల్లో విగ్రహాలు చూసి ఆ మీసాలు తెచ్చిపెట్టావని తెలుస్తూనే ఉంది. వచ్చే ఆదివారం హనుమకొండ నుంచి బస్సెక్కి స్టేషన్ ఘన్‌పూర్‌లో దిగు, ఇద్దరం రఘునాథపల్లి మీదుగా ఖిలాషాపూర్ పోదాం. అక్కడి పాపన్న కోట గోడ రాళ్ళు చూసి నీ బండను సరిచెయ్యి, నువ్వు గీసింది ఉబ్బిన దిండులా ఉంది. దారిలో తాటిచెట్టు ఎక్కే గౌడన్న ఎవరైనా కనపడితే మోకు నడుముకు ఎట్లా పడుతుందో, బరువు మోసేటప్పుడు ఆ భుజాలు ఎట్లా తిరుగుతాయో అడిగి గీసుకుందాం. పెన్సిల్, తెల్ల కాగితాలు చాలు, రంగుల డబ్బా తేకు.

మీ పెద్దబాపు