వారసత్వ శబ్దము – త్రివిధార్థ పరిశీలనము

తెలుగున నేడు "వారసత్వము" అను ఒక్క పదమే న్యాయశాస్త్రమునందును, జీవశాస్త్రమునందును, కంప్యూటరు శాస్త్రమునందును వాడబడుచున్నది. తండ్రి పొలము కుమార్తెకు వచ్చుటయు, తల్లి కంటిరంగు బిడ్డకు వచ్చుటయు, ప్రోగ్రామున ఒక నమూనా లక్షణములు వేరొక నమూనాకు వచ్చుటయు ఈ పదముతోనే చెప్పబడుచున్నవి. పదమొక్కటియైనను సంక్రమించు వస్తువు ఒక్కటి కాదు. సంక్రమించు విధమును ఒక్కటి కాదు. ఈ భేదమును గుర్తింపక ఒక శాస్త్రమునందలి అర్థమును మరియొక శాస్త్రమున ఆరోపించినచో పాఠమున అస్పష్టతయే కాక వ్యవహారమున అన్యాయమును కలుగును. ఆ భేదమును నిరూపించుటయే ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

శబ్దవిచారము

"వారసత్వము" మిశ్రపదము. అరబ్బీ మూలమైన "వారిస్" శబ్దము తెలుగున "వారసుడు" ఐనది. ఆ ప్రకృతిపై సంస్కృత భావార్థక ప్రత్యయమైన "త్వ" చేరినది. సంస్కృతమున ఈ యర్థమునకు రెండు ప్రధాన శబ్దములు కలవు. "రిక్థము" విడుచుట యను అర్థముగల ధాతువునుండి ఏర్పడినది. అనగా ఒకరు విడిచిపోయినది. "దాయము" ఇవ్వబడునది యను వ్యుత్పత్తి కలది. దానిని గ్రహించువాడు దాయాదుడు. తెలుగున "దాయ" శబ్దమునకు జ్ఞాతి యనియు, శత్రువనియు రెండర్థములు కలవు. ఆస్తి పంచుకొన్నకొలది తరుగును. ఈ రెండర్థములు ఒకే పదమున కలియుటకు ఆ తరుగుదలయే హేతువని ఊహింపవచ్చును.

ధర్మశాస్త్రమున దాయము

కల్యాణి చాళుక్య ప్రభువైన ఆరవ విక్రమాదిత్యుని కాలమున విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్య రచించెను. ధనస్వామితో గల సంబంధము మాత్రమే నిమిత్తముగా అన్యునకు స్వమగు ధనము దాయమని ఆతని నిర్వచనము. పితృపితామహ ధనమున పుత్రపౌత్రులకు పుట్టుకతోనే స్వత్వము కలుగుననుట ఆతని మతము. ఇది అప్రతిబంధ దాయము. అపుత్రకుని ధనము సోదరాదులకు వచ్చుట సప్రతిబంధ దాయము. దాయభాగకర్తయైన జీమూతవాహనుడు జన్మస్వత్వమును అంగీకరింపలేదు. పూర్వస్వామి స్వత్వము నశించిన పిమ్మటనే ఉత్తరాధికారికి స్వత్వము పుట్టునని ఆతని వాదము.

"సపిండ" శబ్దమునందును వీరికి భేదము కలదు. విజ్ఞానేశ్వరునకు పిండమనగా శరీరము. ఏకశరీరావయవ సంబంధముచేత సాపిండ్యము కలుగును. జీమూతవాహనునకు పిండమనగా శ్రాద్ధమున సమర్పింపబడునది. మొదటి వివరణము ఆధునిక జీవశాస్త్రమునకు సమీపముగా తోచును. కాని శరీరావయవ సంబంధము పుత్రునకు ఎంతయో పుత్రికకును అంతే. ఐనను పుత్రునకు వలె పుత్రికకు జన్మస్వత్వము చెప్పబడలేదు. దీనినిబట్టి దాయమును నిర్ణయించునది శరీరము కాదనియు, సమాజము అంగీకరించిన విధియే యనియు స్పష్టమగుచున్నది.

విధి గనుకనే అది మారినది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము తండ్రి విడిచిన ఆస్తిలో కుమార్తెకు భాగము కల్పించెను గాని, ఉమ్మడి కుటుంబ ఆస్తిలో జన్మస్వత్వము ఈయలేదు. ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబరు 5 నుండి, అప్పటికి వివాహము కాని కుమార్తెలకు ఆ హక్కును ఇచ్చెను. 2005 నాటి కేంద్ర సవరణ వివాహితలకును దానిని విస్తరించెను. ఆ హక్కు పుట్టుకతోనే సిద్ధించుననియు, సవరణనాటికి తండ్రి జీవించియుండుట ఆవశ్యకము కాదనియు 2020లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను.

జీవశాస్త్రమున ఆనువంశికత

గ్రెగర్ మెండెల్ బఠానీ మొక్కలపై చేసిన ప్రయోగములను 1866లో ప్రకటించెను. పొడుగు మొక్కలను పొట్టి మొక్కలతో సంకరము చేయగా మొదటి తరమున అన్నియు పొడుగువే ఐనవి. రెండవ తరమున 787 పొడుగువి, 277 పొట్టివి వచ్చినవి. మొదటి తరమున కానరాని లక్షణము నశింపలేదు. ప్రచ్ఛన్నముగా నుండి మరల వ్యక్తమైనది.

ఇచ్చట సంక్రమించునది ధనము కాదు, డి.ఎన్.ఏ. రూపమున నున్న జీవసమాచారము. మానవునకు సామాన్యముగా గల 46 క్రోమోజోములలో 23 తల్లినుండియు, 23 తండ్రినుండియు వచ్చును. ఇచ్చినవారికి కొరత కలుగదు. సంక్రమించునది ప్రతి మాత్రమే. సంతానము ఎందరైనను ఒకరి భాగము మరియొకరివలన తరుగదు. దాత మరణముతో దీనికి సంబంధము లేదు. వీలునామాతో దీనిని మార్చుటకును, త్యాగపత్రముతో విడుచుటకును వీలులేదు.

దత్తత ఈ రెండర్థములను విడదీసి చూపుచున్నది. దత్తపుత్రునకు దత్తత చేసికొన్నవారి ఆస్తిలో హక్కు వచ్చును. వారి జన్యువులు రావు. వంశమున మధుమేహము కలదా యని వైద్యుడు అడిగినప్పుడు దత్తపుత్రుడు చెప్పవలసినది జన్మనిచ్చినవారి చరిత్రమే.

కంప్యూటరు శాస్త్రమున అనువృత్తి

నార్వే దేశీయులైన డాల్, నైగార్డ్ రూపొందించిన సిమ్యులా 67 భాషలో ఈ భావన ప్రోగ్రామింగున ప్రవేశించినది. "ఖాతా" యను సామాన్య నమూనాలో సంఖ్య, నిలువ, జమ చేయు పద్ధతి నిర్వచింపబడినవనుకొందము. "పొదుపు ఖాతా" అను విశేష నమూనా వానినన్నిటిని మరల వ్రాయకయే గ్రహించి, వడ్డీ లెక్కను అదనముగా చేర్చుకొనును. అవసరమైనచోట సామాన్యమున నున్న పద్ధతిని తోసిరాజని తన పద్ధతిని నిలుపుకొనును. ఇచ్చట మరణము లేదు, పంపకము లేదు. పిల్ల పుట్టిన పిమ్మట తల్లిదండ్రుల జన్యువులలో కలిగిన మార్పు ఆ పిల్లకు రాదు. ప్రోగ్రామున సామాన్య నిర్వచనమును సవరించి మరల సిద్ధపరచినచో, తోసిపుచ్చబడని మేరకు, విశేషమునందును ఆ మార్పు కనబడును.

ప్రాచ్యవిద్యార్థికి ఈ విధము క్రొత్త కాదు. పాణిని అష్టాధ్యాయిలో ఆరవ అధ్యాయము మొదటి పాదమున 77వ సూత్రము యణాదేశమును విధించుచున్నది. అందలి "అచ్చు పరమైనప్పుడు" అను అంశము 78వ సూత్రమున మరల చెప్పబడక అనువృత్తిచే వచ్చుచున్నది. అట్లే "అతి + అంత" అనుచోట యణాదేశము వచ్చి "అత్యంత" యగును. "కవి + ఇంద్ర" అనుచోట 101వ సూత్రము అపవాదమై, యణాదేశమును బాధించి "కవీంద్ర" యను దీర్ఘమును కలిగించును. ఉత్సర్గము నిలిచియుండగనే అపవాదము దానిని బాధించుట, సామాన్య నమూనా పద్ధతిని విశేష నమూనా తోసిపుచ్చుట వంటిది. ఐనను భేదము కలదు. సూత్రములలో అనువృత్తి పాఠక్రమమును అనుసరించును. ప్రోగ్రామున అది ప్రకటింపబడిన సంబంధమును అనుసరించును.

ఫలితము

దాయమున సంక్రమించునది స్వత్వము. అది విభాగముచే తరుగును, విధిచే మారును. జీవమున సంక్రమించునది సమాచారపు ప్రతి; అది పంచుటచే తరుగదు, మానవుని అంగీకారమును అపేక్షింపదు. ప్రోగ్రామున సంక్రమించునది నిర్వచనము. అది మూలముతో సంబంధము తెగక నిలుచును. కావున పాఠ్యగ్రంథములలో మొదటిదానికి దాయము లేక వారసత్వము, రెండవదానికి ఆనువంశికత, మూడవదానికి అనువృత్తి అను పదములు నియతముగా వాడుట యుక్తము. అప్పుడు రక్తసంబంధమును సాకుగా చూపి కుమార్తె భాగమును గాని, దత్తుని భాగమును గాని కాదనువారి వాదము, ఒక శాస్త్రపదమును వేరొక శాస్త్రమున దొంగిలించి చేసిన వాదమని విద్యార్థికి తెలియగలదు.

13వ శతాబ్దమున మూలఘటిక కేతన మితాక్షరను విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు చేసెను. ఆంధ్రభాషాభూషణమను వ్యాకరణమును రచించెను. ధర్మమును వ్యాకరణమును ఒక్క కవియే తెలుగువారికి అందించిన ఈ భాషలో, ఆ రెండు శాస్త్రముల పదసంపదనుండి నేటి అవసరమునకు తగిన పదమును ఎన్నుకొనుట దుష్కరము కాదు.