వంచితే మారే ఫెర్రోఎలక్ట్రిక్ పొరలు

పోటీ పరీక్షల ప్రత్యేకం – సైన్స్ అండ్ టెక్నాలజీ

బయటి విద్యుత్ క్షేత్రం లేకున్నా ధ్రువణాన్ని నిలుపుకొని, వ్యతిరేక క్షేత్రం ఇస్తే దాని దిశను మార్చుకునే పదార్థాలే ఫెర్రోఎలక్ట్రిక్‌లు. ఈ ధర్మాన్ని 1920లో జోసెఫ్ వలాసెక్ రోషెల్ లవణంలో గుర్తించారు.

ముఖ్యాంశాలు
• ఉదాహరణలు: బేరియం టైటనేట్, లెడ్ జిర్కోనేట్ టైటనేట్, పీవీడీఎఫ్ పాలిమర్.
• ఆధారం: పింగాణీ తరహా పదార్థాలు పెళుసు. అందుకే వంగే పలుచని అభ్రకం రేకులపై పొరగా పెంచుతారు. నెల్లూరు–గూడూరు ప్రాంతం అభ్రకానికి ప్రసిద్ధి.
• సూత్రం: ఉపరితల వికృతి = రేకు మందం ÷ (2 × వక్రతా వ్యాసార్ధం). 10 మైక్రాన్ల రేకును 5 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో వంచితే వికృతి 0.1 శాతం.
• వంపు దిశ: పొర బయటి వైపు ఉంటే సాగుతుంది, లోపలి వైపు ఉంటే నొక్కుకుపోతుంది. బేరియం టైటనేట్ వంటి పెరోవ్‌స్కైట్ పొరల్లో సాగుదల సాధారణంగా ధ్రువణాన్ని పొర తలం వెంట మళ్లిస్తుంది. సంపీడనం తలానికి లంబంగా నిలుపుతుంది.
• ఫ్లెక్సోఎలక్ట్రిక్ ప్రభావం: వంపులో వికృతి ఒక్కో లోతులో ఒక్కోలా ఉంటుంది. ఈ తేడా వల్ల కూడా ధ్రువణం పుడుతుంది. వంపు బిగుసుకునేకొద్దీ ఇది పెరుగుతుంది.
• ప్రతికూలత: అతిగా లేదా పదేపదే వంచితే పగుళ్లు, విద్యుత్ లీకేజీ.
• ఉపయోగాలు: వంగే మెమరీలు, శరీరంపై ధరించే సెన్సర్లు.

మాదిరి ప్రశ్న: వంపు మారకుండా రేకు మందం సగమైతే ఉపరితల వికృతి?
జవాబు: సగమవుతుంది.