పాట వింటే కన్నీళ్లెందుకు?

ప్రశ్న: నాకే కష్టమూ లేదు. అయినా కొన్ని పాటలు వింటే ఏడుపొస్తుంది. ఇది బలహీనతా?

జవాబు: కానే కాదండీ. 2011లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఇష్టమైన సంగీతానికి ఒళ్లు పులకరించేవారి మెదడును పరిశీలించారు. రుచికరమైన భోజనం చేసినప్పుడు మెదడులో విడుదలయ్యే డోపమైన్ అనే రసాయనమే అప్పుడూ విడుదలైంది. అసలు విశేషం, ఒళ్లు పులకరించే ఘట్టం రాకముందే, దానికోసం ఎదురుచూస్తుండగానే, మెదడులోని మరో భాగంలో ఆ విడుదల మొదలవడం. గాయకుడు పల్లవికి సంగతి మీద సంగతి వేస్తుంటే మన మనసు ముందుకు ఉరకడం ఇలాంటిదే. దానికి జ్ఞాపకాలూ తోడై కళ్లు చెమరుస్తాయి: అమ్మ జోల, పెళ్లి సన్నాయి. అల్జీమర్స్‌తో పేర్లు మరిచిన పెద్దలు కూడా పాత పాటను అందుకోవడం చూస్తుంటాం. నోటితో చెప్పుకోలేని దుఃఖానికి పాట దారి ఇస్తుంది, కన్నీళ్లు ఆపుకోకండి. ఏ పాటా లేకుండానే రోజూ ఏడుపొస్తూ, నిద్రా ఆకలీ తగ్గితే మాత్రం డాక్టరును కలవండి.